బ్రెయిన్ ట్యూమర్‌కి ఒక్క ఎంఆర్ఐ చాలదా? పర్ఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీ ఎందుకు రాస్తారు, అవి ఏం చెప్తాయి, ఏం చెప్పలేవు

కర్నూల్లోనో అనంతపురం సాయినగర్లోనో బ్రెయిన్ ఎంఆర్ఐ తీయించుకున్నోళ్ళ రిపోర్టు ఈ కాలంలో డాక్టర్ టేబుల్ మీదికంటే ముందు బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోకి పోతుంది. అందరూ చదివేది ఆఖరి నాలుగు లైన్లే, ఆ నాలుగు లైన్లలో ఒక్కటీ గట్టిగా ఉండదు. హై గ్రేడ్ గ్లయోమా (మెదడు లోపలే పుట్టి దూకుడుగా పెరిగే ట్యూమర్, గ్రేడ్ అంటే ఆ దూకుడుకి ఇచ్చే అంకె) అయ్యుండొచ్చు, టీబీ గడ్డ కూడా కాదనలేము, ఎంఆర్ పర్ఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీతో సరిచూసుకోవాలి, పాత స్కాన్లుంటే పోల్చాలి, ఇట్లా ఉంటుంది. ఇంక ఇంట్లో గోల మొదలు. ఇన్ని వేలు పోసి తీసిన స్కాన్లో తేలనిది ఇంకో స్కాన్లో ఎట్లా తేలుతుంది, మిషన్ పాతదేమో, కమిషన్ కోసం రాసినారేమో, ఇక్కడ కాదులే బెంగళూరు పోదాం అని ఒకరు, హైదరాబాద్ అని ఇంకొకరు, వెల్లూరు అని మూడో ఆయన.

కమిషన్లు అసలు లేవని నేను అనను, అది వేరే కథ. కానీ మెదడు గడ్డల విషయంలో ఇంకో స్కాన్ అని రాయడానికి చాలాసార్లు గట్టి కారణమే ఉంటుంది. ఎందుకంటే ఎంఆర్ఐ అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో చాలా రకాల పరీక్షలు ఉన్నాయి, ఒక్కోటి గడ్డని ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఏది ఏ ప్రశ్న అడుగుతుందో తెలిస్తే ఆ 'అయ్యుండొచ్చు' ఎందుకు రాసినారో కూడా అర్థమవుతుంది.

ఎంఆర్ఐ అసలు చూసేది ఒంట్లోని నీళ్ళని

సీటీ స్కాన్ ఎక్స్‌రేలతో పనిచేస్తుంది, ఎంఆర్ఐలో ఆ రేడియేషన్ ఉండదు. మన ఒంట్లో నీళ్ళూ కొవ్వూ ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ ఉంటుంది, దాని మధ్యలో ఉండే ప్రోటాన్‌కి సన్నటి అయస్కాంత గుణం ఉంది. మనిషిని పెద్ద అయస్కాంతం లోపల పడుకోబెడితే ఈ ప్రోటాన్లలో కొన్ని ఆ దిక్కుకి సర్దుకుంటాయి, అప్పుడు రేడియో తరంగం ఒకటి కొట్టి వాటిని పక్కకి వంచి వదిలేస్తారు, అవి మళ్ళా మామూలు స్థితికి వస్తూ వస్తూ ఇచ్చే సిగ్నల్‌ని పట్టుకుని కంప్యూటర్ బొమ్మ కడుతుంది. మామూలుగా వాడే మిషన్లు 1.5 టెస్లా, 3 టెస్లా. భూమి అయస్కాంత బలంతో పోలిస్తే 1.5 టెస్లా అంటే దాదాపు 30,000 రెట్లు. ఈ పద్ధతితో బొమ్మలు తీయడానికి దారి వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఇద్దరికీ 2003లో నోబెల్ వచ్చింది.

అంత బలం కాబట్టే లోపలికి పోయేముందు ఒంటి మీది సొమ్ములన్నీ తీయిస్తారు. బంగారాన్ని అయస్కాంతం లాగదు గదా అని మా వైపు ఆడవాళ్ళు తాళి తీయడానికి ఒప్పుకోరు, నిజమే లాగదు, కానీ కరెంటు పారే లోహం కాబట్టి వేడెక్కొచ్చు, బొమ్మని చెడగొట్టొచ్చు. తాళికి గుచ్చిన పిన్నీసులు మాత్రం ఉక్కువి, అవి ఎగిరిపోయి అతుక్కుంటాయి. అసలు భయం వాటితోనే. పేస్‌మేకర్, చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్, పాత ఆపరేషన్లో వేసిన క్లిప్పులు ఉన్నాయా అని అన్నిసార్లు అడిగేది కూడా అందుకే.

పడిపోయి తలకి దెబ్బ తగిలినా, మూతి వంకర పోయినా ముందు సీటీనే తీస్తారు, అది నిమిషాల్లో అయిపోతుంది, రక్తం కారితే వెంటనే కనిపిస్తుంది. గడ్డ లక్షణాలు తేల్చడానికి మాత్రం ఎంఆర్ఐకి సాటి లేదు.

టీ1, టీ2, ఫ్లెయిర్, కాంట్రాస్ట్: మామూలు ఎంఆర్ఐలో ఉండేవి

వంగిన ప్రోటాన్లు తిరిగి సర్దుకునే వేగం ఒక్కో కణజాలంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఆ తేడాని రెండు కోణాల్లో కొలుస్తారు, వాటికే టీ1, టీ2 అని పేర్లు. టీ1 బొమ్మలో మెదడు ఆకారం తేటగా కనిపిస్తుంది, నీళ్ళు నల్లగా ఉంటాయి. టీ2లో నీళ్ళు తెల్లగా మెరుస్తాయి కాబట్టి వాపు, జబ్బు ఉన్న చోటు తెల్లగా వస్తుంది, కాకపోతే మెదడు చుట్టూ, మెదడు గదుల్లో ఉండే నీరు కూడా అంతే తెల్లగా మెరిసి దాని పక్కనుండే చిన్న మచ్చల్ని దాచేస్తుంది. ఆ నీటి మెరుపుని అణచి జబ్బు మెరుపుని మిగిల్చేది ఫ్లెయిర్.

తర్వాత కాంట్రాస్ట్. నరంలోకి ఎక్కించే ఆ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది, మామూలు డోసు కిలోకి 0.1 మిల్లీమోల్, అంటే 60 కిలోల మనిషికి ఎక్కువ రకాల మందుల్లో 12 మిల్లీలీటర్లు. మెదడు రక్తనాళాల గోడలు మిగతా ఒంట్లో మాదిరి కాదు, రక్తంలోని ప్రతిదాన్నీ బయటికి వదలవు, చాలా గట్టిగా ఉంటాయి. ఆ గోడ చెడిన చోటే గాడోలినియం బయటికి కారి అక్కడ తెల్లగా వెలుగుతుంది.

జనం ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. కాంట్రాస్ట్‌లో వెలిగింది కాబట్టి క్యాన్సర్ అనుకుంటారు. వెలుగు చెప్పేది గోడ కారుతోందని, అంతవరకే. టీబీ గడ్డలో కారుతుంది, చీములో కారుతుంది, రేడియేషన్ ఇచ్చినాక కారుతుంది. మెదడు పైపొరల నుంచి పుట్టే మెనింజియోమా చాలావరకు సాధువైన (క్యాన్సర్ కాని) గడ్డే, అది దివ్యంగా వెలుగుతుంది. అదే మెదడు లోపల పుట్టే తక్కువ గ్రేడ్ గ్లయోమాలు చాలా వాటిలో వెలుగే ఉండదు, ఏమీ లేదులే అని ఊపిరి పీల్చుకోవడానికి ఉండదు, కొన్నేళ్ళకి అది గ్రేడ్ పెరగొచ్చు.

రింగు మచ్చ: మన దగ్గర అసలు చిక్కు ఇక్కడ

అనుకుందాం, ఆదోని దగ్గర ఊర్లో 38 ఏళ్ళ మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడూ లేదు. ఎంఆర్ఐ తీస్తే ఎడమ వైపు ఒక గుండ్రటి మచ్చ, అంచు వెలుగుతోంది, మధ్యలో వెలుగు లేదు, చుట్టూ వాపు. అమెరికాలో ఈ బొమ్మ చూస్తే ముందు తట్టేది గ్లయోమాల్లోకెల్లా చెడ్డదైన గ్లయోబ్లాస్టోమా, లేదంటే వేరే చోటి క్యాన్సర్ మెదడుకి పాకిందని. మన దేశంలో ఆ రెండూ లిస్టులో ఉంటాయి గాని వాటి పక్కనే టీబీ గడ్డ, బద్దెపురుగు తిత్తి, చీము గడ్డ కూడా సమానంగా కూర్చుంటాయి. బద్దెపురుగు తిత్తి అంటే న్యూరోసిస్టిసర్కోసిస్, ఆ పురుగు గుడ్ల వల్ల వచ్చేది. పంది మాంసం మేము ముట్టమే అని చాలామంది కోపానికొస్తారు. ఆ గుడ్లు పురుగు ఉన్న మనిషి మలం నుంచి నీళ్ళలోకీ ఆకుకూరల్లోకీ చేతుల్లోకీ వస్తాయి, శుద్ధ శాకాహారికి కూడా వస్తుంది. దానికి ట్రీట్‌మెంట్ మాత్రలు, ఫిట్స్ మందులు. గ్లయోబ్లాస్టోమాకి ఆపరేషన్, రేడియేషన్, కీమో. రెండిటి మధ్య తేడా ఎంతో చూడండి, బొమ్మలో మాత్రం రెండూ రింగులే.

రేడియాలజిస్టు దీన్ని ఎట్లా విడదీస్తారు? మచ్చ 20 మిల్లీమీటర్లకి లోపుండి, అంచు నున్నగా ఉండి, మెదడు మధ్య గీత పక్కకి జరగకపోతే పురుగు తిత్తి వైపు మొగ్గుతారు, దానికంటే పెద్దదై, అంచు ఎగుడుదిగుడుగా ఉండి, మధ్య గీత జరిగితే టీబీ వైపు. ఈ కొలతలు వెల్లూరు సీఎంసీ డాక్టర్లు మన రోగుల్ని చూసే కట్టినారు. తిత్తి లోపల పురుగు తల చిన్న చుక్కగా కనిపిస్తే ఇంక అనుమానమే లేదు. టీబీ గడ్డ లోపలి భాగం టీ2లో నల్లగా ఉండడం ఇంకో గుర్తు.

ఇంక డిఫ్యూజన్ అనే సీక్వెన్స్ (ఎంఆర్ఐలోనే ఒక రకం బొమ్మ) ఉంది, దీనికి కాంట్రాస్ట్ కూడా అక్కర్లేదు, రెండు నిమిషాల పని. నీటి కణాలు అటూ ఇటూ ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో చూస్తుంది. చీము చిక్కగా ఉంటుంది కాబట్టి అందులో నీళ్ళు కదల్లేవు, రింగు మధ్యభాగం డిఫ్యూజన్లో తెల్లగా మెరుస్తుంది, ఏడీసీ అనే మ్యాప్‌లో నల్లగా పడుతుంది. కుళ్ళిన ట్యూమర్ మధ్యలో ఉండేది పల్చటి ద్రవం, అందులో నీళ్ళు తిరుగుతాయి, కాబట్టి సాధారణంగా రివర్స్‌లో ఉంటుంది. కణాలు కిక్కిరిసి ఉండే లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) లాంటి గడ్డల్లో గట్టి భాగమే నీటిని కదలనివ్వదు. లింఫోమా అనుమానం ఉంటే ఇంకో తిరకాసు, వాపు తగ్గడానికిచ్చే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లకి ఆ గడ్డ తాత్కాలికంగా కరిగిపోతుంది, తర్వాత పరీక్షకి గడ్డలోంచి ముక్క తీసినా (బయాప్సీ) ఏమీ తేలదు. అందుకే అట్లాంటి కేసుల్లో మనిషి స్థితి నిలకడగా ఉంటే ముక్క తీసేవరకు స్టెరాయిడ్ ఆపి పెడతారు. మా నాయనకి వాపు ఉన్నా మందు ఇవ్వలేదని గొడవపడేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు.

పర్ఫ్యూజన్: గడ్డకి రక్తం ఎంత వస్తోంది

వేగంగా పెరిగే ట్యూమర్ తనకోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది. ఆ రక్తాన్ని కొలిచేదే పర్ఫ్యూజన్. ఎక్కువగా చేసే పద్ధతిలో గాడోలినియంని సెకనుకి 4, 5 మిల్లీలీటర్ల వేగంతో పంపు ద్వారా ఎక్కిస్తూ సెకను, రెండు సెకన్లకొకటి చొప్పున మెదడు మొత్తం బొమ్మలు తీస్తారు, మందు దాటిపోయేటప్పుడు సిగ్నల్ ఎంత పడిందో చూసి అక్కడి రక్తం పరిమాణం లెక్కగడతారు. దీనికి చేతికి కాస్త పెద్ద సూది పెట్టాల్సొస్తుంది. కాంట్రాస్ట్ లేకుండా చేసేది ఇంకొకటుంది, ఏఎస్ఎల్ అంటారు, మెడ దగ్గర రక్తంలోని నీటికే అయస్కాంతంతో గుర్తు వేసి అది మెదడులోకి చేరేటప్పుడు పట్టుకుంటారు. కిడ్నీ సమస్య ఉన్నోళ్ళకి, చిన్నపిల్లలకి ఇది వరం.

లెక్క ఎట్లుంటుందో ఒక ఉదాహరణ. పర్ఫ్యూజన్ రంగుల మ్యాప్‌లో గడ్డలో ఎర్రగా కనిపించిన చోట రక్తం విలువ 6.3 వచ్చింది, ఎదుటి వైపు ఆరోగ్యంగా ఉన్న తెల్ల పదార్థంలో 1.8 వచ్చింది, భాగిస్తే 3.5. అంటే మామూలు చోటు కంటే మూడున్నర రెట్లు. చాలా చోట్ల 1.75 అనే గీత చెప్తారు, అది దాటితే గ్లయోమా ఎక్కువ గ్రేడ్ అని అనుమానం. 3.5 అంటే ఇంక చెప్పేదేముంది అనిపిస్తుంది గదా, అక్కడే ఆగాలి. ఆలిగోడెండ్రోగ్లయోమా అనే రకం గ్రేడ్ 2లో ఉన్నా కోళ్ళ గూటి జాలీ మాదిరి అల్లుకున్న చిన్న చిన్న రక్తనాళాలతో నిండి ఉంటుంది, విలువ ఎక్కువే వస్తుంది. మెనింజియోమాలో ఇంకా ఎక్కువ వస్తుంది, అది సాధువే. పైగా మిషన్ మారితే, సాఫ్ట్‌వేర్ మారితే, మందు కారిపోయినదానికి సరిదిద్దే లెక్క మారితే అంకె మారుతుంది. కర్నూల్లో వచ్చిన 3.5నీ బెంగళూరులో వచ్చిన 2.8నీ పక్కపక్కన పెట్టి తగ్గింది అనుకోవడానికి లేదు.

పర్ఫ్యూజన్ బాగా పనికొచ్చే చోటు ఇంకోటి. గ్లయోబ్లాస్టోమానా, లేక ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో పాకిన క్యాన్సరా అనే ప్రశ్న వస్తే వెలిగే అంచులో చూస్తే తేలదు, రెండిట్లోనూ రక్తం ఎక్కువే. అంచు బయట వాపులో చూడాలి. పాకిన క్యాన్సర్ చుట్టూ ఉండేది చాలావరకు వట్టి నీరు, అందులో ట్యూమర్ కణాలు ఉండవు, రక్తం తక్కువే. గ్లయోబ్లాస్టోమా వేర్లు ఆ వాపులోకి పాకి ఉంటాయి కాబట్టి అక్కడా రక్తం పెరిగి ఉంటుంది.

స్పెక్ట్రోస్కోపీ: ముక్క కోయకుండా లోపలి రసాయనాలు

ఇది బొమ్మ ఇవ్వదు, గ్రాఫు ఇస్తుంది. రిపోర్టులో కొండలు లోయలు మాదిరి గీతలుండే పేజీ అదే. గడ్డలో ఒక చిన్న డబ్బా అంత చోటుని ఎంచుకుని అందులో ఏ రసాయనం ఎంతుందో చూస్తారు. ఎన్ఏఏ అనేది ఆరోగ్యంగా ఉన్న నరాల కణాల గుర్తు, గ్రాఫు అడుగు గీత మీది పీపీఎం అంకెల్లో 2.0 దగ్గర ఉంటుంది, ట్యూమర్ నరాల కణాల్ని తినేస్తే అది పడిపోతుంది. కోలిన్ 3.2 దగ్గర, కణాల పైపొరలు జోరుగా తయారవుతుంటే పెరుగుతుంది. మధ్యలో 3.0 దగ్గరుండే క్రియాటిన్‌ని పోల్చడానికి వాడతారు. లాక్టేట్ ఆక్సిజన్ అందని చోట వస్తుంది, లిపిడ్, అంటే కొవ్వు, కుళ్ళిన చోట.

కోలిన్ ఎక్కువ, ఎన్ఏఏ తక్కువ అయితే ట్యూమర్ అని పాఠం. టీబీ గడ్డలో కోలిన్ కొండ చిన్నదిగా ఉండి లిపిడ్ కొండ పెద్దగా ఉండడం మనకి పనికొచ్చే గుర్తు, ఎందుకంటే టీబీ క్రిమి పైపొరే కొవ్వు మయం. అయితే గ్లయోబ్లాస్టోమా కుళ్ళిన చోట కూడా లిపిడ్ వస్తుంది, నరాల పైపొర చెడే మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బుల్లో కోలిన్ పెరుగుతుంది. గడ్డ మరీ చిన్నదైనా, ఎముక పక్కనున్నా, లోపల రక్తం కారి ఉన్నా గ్రాఫు పాడవుతుంది. డబ్బా ఎక్కడ పెట్టినారు అనేదాని మీదే సగం ఆధారపడుతుంది. నా మటుకు ఈ టెస్టు ఒంటరిగా చెప్పేది తక్కువ, మిగతావాటితో కలిస్తే బరువు వస్తుంది.

ఒక కొత్త ఉపయోగం ఉంది, ఐడీహెచ్ అనే జీన్ మారిన గ్లయోమాల్లో 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం పోగవుతుంది, దాన్ని 2.25 దగ్గర పట్టుకోవచ్చు. కానీ దానికి ప్రత్యేకమైన సెట్టింగులు, చదివే అనుభవం కావాలి, మామూలు స్కానింగ్ సెంటర్లలో చేసే పని కాదు.

మరి ఇన్ని స్కాన్లు తీసినాక కూడా ముక్క ఎందుకు తీయాలి

రాయలసీమలో బోరు వేసేవాళ్ళకి ఇది తొందరగా ఎక్కుతుంది. జియాలజిస్టు మిషన్ పెట్టి చూసి ఇక్కడ 400 అడుగుల్లో నీళ్ళు ఉండే అవకాశం బాగుంది అంటాడు, పాయింటు పెడతాడు, నీళ్ళు ఎన్ని అంగుళాలో, ఉప్పో తీపో డ్రిల్లింగ్ బండి దిగితేనే తెలుస్తుంది. బయాప్సీది ఆ డ్రిల్లింగ్ పని. ఎక్కడ దింపాలో చెప్పడం ఎంఆర్ఐ పని, అదేం చిన్న పని కాదు, పర్ఫ్యూజన్లో రక్తం ఎక్కువున్న చోటు నుంచి ముక్క తీస్తే ఆ గడ్డలోని చెడ్డ భాగం దొరుకుతుంది, పక్కన తీస్తే గ్రేడ్ తక్కువగా వచ్చి మోసపోతారు.

పైగా 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు గడ్డల వర్గీకరణ మార్చినాక పేరు పెట్టడానికి జీన్ పరీక్షలు తప్పనిసరైనాయి. ఇప్పుడు పెద్దవాళ్ళలో గ్లయోబ్లాస్టోమా అనాలంటే ఐడీహెచ్ మార్పు లేకుండా ఉండాలి, మార్పు ఉంటే దాన్ని ఆస్ట్రోసైటోమా అనే ఇంకో రకం గ్లయోమా అంటారు, గ్రేడ్ 4 అయినా సరే, బతికే కాలం అంచనా వేరుగా ఉంటుంది. ఇంకా తమాషా, వెలుగు లేకుండా మైక్రోస్కోపులో కూడా తక్కువ గ్రేడ్ మాదిరి కనిపించిన గడ్డ జీన్లలో గ్లయోబ్లాస్టోమా అని తేలొచ్చు. బొమ్మ నుంచే జీన్ ఊహించే గుర్తులు కొన్నున్నాయి, టీ2లో గడ్డంతా తెల్లగా ఉండి ఫ్లెయిర్లో అంచు మాత్రం తెల్లగా మిగిలి లోపల నల్లబడితే ఐడీహెచ్ మారిన ఆస్ట్రోసైటోమా అని గట్టి అనుమానం. ఆ గుర్తు కనిపిస్తే చాలావరకు నిజమే అవుతుంది, కనిపించలేదంటే మాత్రం ఏమీ చెప్పలేం.

ఆపరేషన్‌కి ముందు: మాట, చెయ్యి ఎక్కడున్నాయి

గడ్డ ఎడమ వైపు నుదుటి వెనకో కణత దగ్గరో ఉంటే సర్జన్ భయం ట్యూమర్ గురించి కాదు, మాట పోతుందేమోనని. ఫంక్షనల్ ఎంఆర్ఐలో రోగిని లోపల పడుకోబెట్టి వేళ్ళు ఆడించమంటారు, పదాలు తలుచుకోమంటారు, పనిచేసే చోటికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువ వచ్చి సిగ్నల్ కొద్దిగా మారుతుంది. 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజి ఒగావా చూపించిన సంగతి ఇది. భాష టెస్టుకి వాడే ప్రశ్నలు రోగికి వచ్చిన భాషలోనే ఉండాలి, ఇంగ్లీషు పదాల లిస్టు ఇస్తే ఆదోని రైతు మెదడులో మాట చోటు సరిగ్గా వెలగదు, తప్పు మ్యాపు చేతికొస్తుంది. 'క'తో మొదలయ్యే మాటలు తలుచుకో అని తెలుగులో చెప్పి చేయించేవాళ్ళు కావాలి, తెలుగోళ్ళు తిరిగే పెద్ద సెంటర్లు వెతుక్కునే కారణాల్లో ఇదొకటి.

దీనికి జతగా డీటీఐ అని నరాల తీగల దారుల్ని రంగుల్లో గీసే పద్ధతుంది, కాళ్ళు చేతులకి పోయే కట్ట గడ్డకి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. రెండిటికీ ఒకటే లోపం, గడ్డ పక్కన రక్తనాళాలు మామూలుగా స్పందించవు, వాపులో తీగలు లెక్కకి దొరకవు, లేదని చూపించిన చోట ఉండొచ్చు. అందుకే ప్రమాదమైన చోట రోగిని మెలకువగా ఉంచి మెదడుని కరెంటుతో తాకి చూస్తూ ఆపరేషన్ చేసే పద్ధతికే ఇప్పటికీ పెద్దపీట.

వాదనలు: 3 టెస్లానే కావాలా, కాంట్రాస్ట్ ప్రతిసారీ అవసరమా

3 టెస్లాలో సిగ్నల్ ఎక్కువ, స్పెక్ట్రోస్కోపీ, ఫంక్షనల్ రెండూ తేటగా వస్తాయి. అంతవరకు ఒప్పుకోవాలి. అయితే మామూలు సీక్వెన్సులు, కాంట్రాస్ట్, డిఫ్యూజన్ సరిగ్గా తీసి సరిగ్గా చదివితే 1.5 చాలా ప్రశ్నలకి సరిపోతుంది. లోహపు క్లిప్పులు ఉన్నోళ్ళకి 3 టెస్లాలో బొమ్మ ఎక్కువ చెడిపోతుంది కూడా. టెస్లా చూసి సెంటర్ ఎంచుకోవడం బండి సీసీ చూసి డ్రైవర్‌ని ఎంచుకున్నట్టు ఉంటుందని న్యూరో డాక్టర్లు విసుక్కుంటారు, వాళ్ళ విసుగులో న్యాయముంది.

గాడోలినియం మీద భయం పూర్తిగా గాలి కబురు కాదు. కిడ్నీ పనితనం బాగా పడిపోయి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోతని చెప్పే అంకె) 30 లోపున్నోళ్ళకి పాత రకం మందులతో చర్మం, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బు వచ్చింది. 2014లో జపాన్ డాక్టర్లు, పలుసార్లు ఎక్కించుకున్నోళ్ళ మెదడులో గాడోలినియం ఆనవాళ్ళు మిగులుతున్నాయని చూపించినారు. దానివల్ల నరాలకి హాని జరిగినట్టు రుజువు దొరకలేదు గాని యూరప్ 2017లో లోహాన్ని వదులుగా పట్టుకునే కొన్ని లీనియర్ రకాల్ని పక్కనపెట్టింది, గట్టిగా పట్టుకునే మాక్రోసైక్లిక్ రకాలు ఇప్పుడు ఎక్కువ వాడుతున్నారు. ఏళ్ళ తరబడి కదలని చిన్న మెనింజియోమాకి ప్రతిసారీ కాంట్రాస్ట్ ఎందుకు, టీ2 చాలదా అని ఒక వాదన, చిన్న పెరుగుదల కాంట్రాస్ట్ లేకపోతే తప్పిపోతుందని ఎదురు వాదన. గ్లయోబ్లాస్టోమాలో మాత్రం కాంట్రాస్ట్ వద్దనేవాళ్ళు దాదాపు లేరు.

తలనొప్పి వచ్చిన ప్రతివాళ్ళకీ ఎంఆర్ఐ తీస్తే ముందే దొరకదా అనే మాట కూడా వింటుంటాం. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 2000 మంది మామూలు మనుషులకి తీసి చూసినారు, 2007లో అచ్చయింది, 1.6 శాతం మందిలో సాధువైన గడ్డలు బయటపడ్డాయి, ఎక్కువ మెనింజియోమాలే. వాటిలో చాలా వాటికి ఏమీ చేయనక్కర్లేదు, కానీ మనిషికి ఆ రోజు నుంచి నిద్ర ఉండదు. తెల్లారుజామున తలనొప్పితో వాంతులు, పెద్ద వయసులో కొత్తగా ఫిట్స్, ఒకవైపు బలం తగ్గడం, చూపు, మాట మారడం, ఇవి ఉంటే లెక్క వేరు.

ట్రీట్‌మెంట్ తర్వాత 'పెరిగింది' అని వస్తే

ఆపరేషన్ అయిన 48 గంటల్లోపు ఒక ఎంఆర్ఐ తీయడం మంచి పద్ధతి, ఎంత మిగిలిందో అప్పుడే నిజంగా కనిపిస్తుంది, ఆలస్యమైతే గాయం మానేటప్పుడు వచ్చే వెలుగు ట్యూమర్ మాదిరి కనిపించి గందరగోళం. తర్వాత గ్లయోబ్లాస్టోమాకి మామూలుగా 6 వారాల్లో 60 గ్రే (డోసు కొలత) రేడియేషన్, దాంతోపాటు టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలు, 2005 నుంచి నడుస్తున్న పద్ధతి.

పెరిగిందా తగ్గిందా చెప్పడానికి రానో అనే కొలమానం వాడతారు. వెలిగే భాగాన్ని అడ్డంగా నిలువుగా కొలిచి గుణిస్తారు. 30 మిల్లీమీటర్లు, 20 మిల్లీమీటర్లు, 600. మూడు నెలల తర్వాత 34, 23 వచ్చింది, 782. పెరిగింది 30 శాతం, 25 దాటితే జబ్బు ముదిరిందని లెక్క. కంటికి మూడు నాలుగు మిల్లీమీటర్లే, లెక్కలో గీత దాటేసింది. కొలిచిన మనిషి మారితే ఈ మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి కూడా.

అసలు తలనొప్పి ఏందంటే రేడియేషన్ అయిన మొదటి 12 వారాల్లో వెలుగు పెరగడం చాలామందిలో ట్యూమర్ వల్ల కాదు, మందు పనిచేసి కణాలు చచ్చి గోడలు కారడం వల్ల. దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. ట్రీట్‌మెంట్ మార్చకుండా ఆగి మళ్ళా స్కాన్ తీస్తే అదే తగ్గుతుంది. 2023లో మార్చిన రానో పద్ధతిలో అందుకే ఆపరేషన్ తర్వాతి స్కాన్‌తో కాకుండా రేడియేషన్ అయినాక తీసిన స్కాన్‌తో పోల్చమన్నారు, మొదటి 12 వారాల్లో పెరిగినట్టు కనిపిస్తే ఇంకో స్కాన్‌తో ఖాయం చేసుకోమన్నారు. ఆగడం తప్పు అనేవాళ్ళూ ఉన్నారు, నిజంగానే ట్యూమర్ అయితే ఆ నెలన్నర పోయినట్టే గదా అంటారు. పర్ఫ్యూజన్ ఇక్కడ మధ్యవర్తి, రక్తం ఎక్కువుంటే ట్యూమర్ వైపు, తక్కువుంటే మందు ప్రభావం వైపు మొగ్గుతారు, రెండూ కలిసి ఉన్న గడ్డల్లో అది కూడా నీళ్ళు నములుతుంది. దీనికి రివర్స్ కూడా ఉంది, కొత్త రక్తనాళాల్ని ఆపే బెవాసిజుమాబ్ అనే మందు ఇచ్చినాక గోడలు బిగిసి వెలుగు రెండ్రోజుల్లో తగ్గిపోతుంది, ట్యూమర్ మాత్రం వెలుగు లేకుండా ఫ్లెయిర్లో పాకుతూ ఉండొచ్చు. స్టెరాయిడ్ డోసు పెంచినా వెలుగు తగ్గుతుంది, అందుకే రోగి ఎన్ని మిల్లీగ్రాములు వాడుతున్నాడో తెలీకుండా బొమ్మ చదివితే తప్పు దారి పడుతుంది.

తక్కువ గ్రేడ్ గడ్డల్లో చిక్కు వేరే రకం, అక్కడ మార్పు మరీ నిదానం. ట్రీట్‌మెంట్ తీసుకోని గ్రేడ్ 2 గ్లయోమా సగటున ఏడాదికి 4 మిల్లీమీటర్లు అడ్డం పెరుగుతుంది. ఆరు నెలలకొకసారి తీస్తే తేడా 2 మిల్లీమీటర్లు, ఒక్కో బొమ్మ ముక్క మందమే 5 మిల్లీమీటర్లు ఉండొచ్చు. అట్లా రెండో స్కాన్ నుంచి ఆరో దాకా వరసగా ఐదు రిపోర్టుల్లో పెద్ద మార్పు లేదు అని వస్తుంది, ఐదూ నిజమే. ఏడో స్కాన్‌ని మూడేళ్ళ కిందటి మొదటి దాని పక్కన పెడితే 30 మిల్లీమీటర్ల గడ్డ 42 అయ్యుంటుంది. గోళం లెక్కన చూస్తే 14 మిల్లీలీటర్ల నుంచి 39కి, రెండున్నర రెట్లకి పైనే. ఆ మొదటి స్కాన్ ఫిల్ములు ఇల్లు మారేటప్పుడు పారేసుంటే, సీడీ కంప్యూటర్లో తెరుచుకోకపోతే, సెంటర్ మారి కొత్తచోట పాతవి అడక్కపోతే ఈ పోలిక జరగదు. ఏడో రిపోర్టులో కూడా పెద్ద మార్పు లేదనే వస్తుంది.